మసీదుకు నడక, కాలేజీకి సైకిలు

(సంఘం వార్షిక సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో లెక్కలు చెప్పుకుంటాం. మందులకు ఎంత ఖర్చయింది, పిల్లల ఫీజులకు ఎంత కట్టాం, రంజాన్ నెలలో ఎన్ని ఇళ్ళకు రేషను చేరింది అని చదువుతాం. ఆ లెక్కలన్నీ కార్యదర్శిగారి నివేదికలో ఉన్నాయి. మాకు అప్పగించిన విషయం నడక, సైకిలు. దానధర్మాల సభలో ఈ మాటకు చోటెక్కడిది అని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే మనం ఏటా పెంచుకుంటూ పోతున్న మందుల పద్దుకీ, ఫీజుల పద్దుకీ మన వీధులతో గట్టి సంబంధం ఉంది. ఆ సంబంధం మీ ముందు పెట్టి, ఈ ఏటికి మూడు పనులు అడగాలని వచ్చాం.

ముందు మందుల పద్దు చూద్దాం. సాయం కోరుతూ వచ్చే చీటీల్లో పదేపదే కనిపించేవి షుగరు మాత్రలు, ఇన్సులిన్, బీపీ మాత్రలు. వాటి వెనకే గుండె, కిడ్నీ, మానని కాలిపుండు. ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. ఐ.సి.ఎం.ఆర్. దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. షుగరు అంచున ఉన్నవాళ్ళు మరో 13 కోట్ల 60 లక్షల మంది. పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి పైగా బీపీ ఉంది. షుగరు వచ్చినవాళ్ళలో చాలామందికి మందు జీవితాంతం వాడాల్సిందే. పేద ఇంట్లో వస్తే మన సాయం కూడా జీవితాంతం కావాల్సిందే. ఈ సాయం ఆపమని ఎవరూ అనరు. కానీ అంచున ఉన్నవాళ్ళు ఇటు పడకుండా చూడటం కూడా సేవే కదా.

అది సాధ్యమేనా అంటే, మన పక్కనే ఉన్న చెన్నైలో చేసి చూశారు. షుగరు అంచున ఉన్న 531 మందిని తీసుకుని డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం సుమారు మూడేళ్ళు గమనించింది. ఫలితాలు 2006లో ప్రకటించారు. మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజూ కనీసం అరగంట నడవమని, తిండిలో మార్పులు చేసుకోమని వెంటపడి చెప్పిన వారిలో అది నూటికి 39కి తగ్గింది. ఇంకొక జట్టుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు. ఆ జట్టులోనూ ఫలితం ఇంచుమించు ఇంతే. అంటే మాత్ర చేసిన పనిని నడక, మితమైన తిండి కలిసి చేశాయి. పైగా ఈ రెండింటికీ మందుల షాపు బిల్లు లేదు.

నడిస్తే ఒంట్లో ఏం జరుగుతుంది? కాలి కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. ఆ సమయంలో ఇన్సులిన్ అంతగా లేకపోయినా ఆ పని జరుగుతుంది. అందుకే భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక కూడా షుగరు ఉన్నవాళ్ళకు మేలు చేస్తుంది. రోజూ నడిచే వారిలో బీపీ కొంత దిగుతుంది, నిద్ర బాగా పడుతుంది, మోకాళ్ళు పట్టేయకుండా ఉంటాయి. గుండె సంగతి చెప్పాలంటే 1953 నాటి లండన్ బస్సుల మాట గుర్తు చేసుకోవాలి. జెర్రీ మోరిస్ అనే డాక్టరు డ్రైవర్లనీ, కండక్టర్లనీ పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండెజబ్బు కండక్టర్లలో స్పష్టంగా తక్కువని తేలింది. వ్యాయామం మీద ఈ రోజు డాక్టర్లు చెప్పే మాటలకు చాలావరకు పునాది అక్కడే పడింది.

ఇప్పుడు మనలో ఎక్కువమందిమి ఆ డ్రైవర్ల లాగా బతుకుతున్నాం. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. మగవాళ్ళలో నూటికి 42 మంది, ఆడవాళ్ళలో నూటికి 57 మంది. ఈ తేడా గమనించండి. ఇంటిపని అంతా చేసే ఆడవాళ్ళే ఇందులో వెనక ఉన్నారు. వంటగదికీ వరండాకీ మధ్య తిరగడం నడక కింద లెక్కకు రాదు. ఊపిరి కాస్త వేగం అందుకునేలా, మాట్లాడగలిగినా పాట పాడలేనంత చురుగ్గా నడవాలి. అందుకు బయటికి రావాలి. బయటికి రావాలంటే వీధి రానివ్వాలి. దాని గురించి తర్వాత చెబుతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఇలాంటి నడక గానీ, అంతటి శ్రమ గానీ కావాలంటోంది. మనం ఈ సంఖ్యను చూసి భయపడనక్కరలేదు. ఇంటి నుంచి మసీదుకు ఐదు నిమిషాల దూరం అనుకోండి. పోవడం, రావడం పది నిమిషాలు. ఐదు పూటలకు 50 నిమిషాలు. వారానికి 350 నిమిషాలు. రోజుకు రెండు పూటలు, ఫజరుకూ ఇషాకూ మాత్రమే నడిచి వెళ్ళినా వారానికి 140 నిమిషాలు అవుతుంది. వేరే జిమ్ములు, ఫీజులు అక్కర్లేదు. కానీ నమాజు వేళ మసీదు ముందు చూస్తే మెట్ల దాకా బైకులే. జుమా రోజు సందు మొగలోనే ట్రాఫిక్ ఆగిపోతుంది. నాలుగు వీధుల అవతల నుంచి వచ్చే కుర్రవాళ్ళు కూడా బండి మీదే వస్తున్నారు. నడిచి వచ్చే పెద్దవాళ్ళు ఆ బండ్ల సందుల్లోంచి పక్కకు తిరిగి దారి చేసుకోవాల్సి వస్తోంది.

మసీదు వైపు వేసే ప్రతి అడుగూ సదఖాయేనని, దారిలో జనానికి హాని చేసే దాన్ని తొలగించడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) ఒకే హదీసులో నేర్పారు. ఆ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. నడవడం ఒక్కటే చాలదు, నడిచే దారిని కూడా బాగుచెయ్యాలి అన్నది అందులో మనం తీసుకోదగిన పాఠం. ఆయన శనివారాల్లో మదీనా నుంచి ఖుబా మసీదుకు ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి సవారీ మీద వెళ్ళేవారని కూడా మనం విన్నాం.

హజ్‌కు నిశ్చయం చేసుకున్న వారికి ఒక మాట. సఫా, మర్వాల మధ్య ఏడు సార్లు తిరిగితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. దానికి ముందు తవాఫ్, ఆ తర్వాత మినా, అరఫాత్, ముజ్దలిఫాలలో నడక. ఎండ వేరే. పాస్‌పోర్టు కాగితాలు సర్దుకునే రోజు నుంచే నడక కూడా మొదలుపెట్టండి. మొదట పావుగంట, తర్వాత అరగంట, నెలలు గడిచేకొద్దీ గంట. షుగరు ఉన్నవాళ్ళు ఉత్త కాళ్ళతో ఎక్కడా నడవొద్దు. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుని, ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోవాలి. నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినా, ఆయాసం మితిమీరినా వెంటనే ఆగి డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక ఫీజుల పద్దు. పదో తరగతి పాసైన ఆడపిల్లకు ఫీజు కట్టడానికి మనం సిద్ధంగా ఉన్నాం. కానీ కొన్ని ఇళ్ళలో ఫీజు అడ్డం కాదు, దూరం అడ్డం. కాలేజీ మూడు, నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోకు రోజూ డబ్బు కావాలి. బస్సు ఆ సందు దాకా రాదు. అన్నయ్య దింపాలంటే అతని పని పోతుంది. చివరికి చదువు మాన్పిస్తారు. ఫీజు కట్టిన మన డబ్బూ వృథా, పిల్ల చదువూ వృథా.

ఈ చిక్కును బీహారు ప్రభుత్వం 2006లో సైకిలుతో విప్పడానికి చూసింది. తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ వాళ్ళు తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే లాభం ఎక్కువ. మన రాష్ట్రంలో కూడా బడికొస్తా పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ళ ఆడపిల్లలకు సైకిళ్ళు పంచిన సంగతి మీకు తెలుసు.

మన ఆడపిల్ల సైకిలు తొక్కితే నలుగురూ ఏమంటారో అనే జంకు కొందరు తల్లిదండ్రులకు ఉంటుంది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలోనూ ఈ జంకు ఉండేది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ సైకిలు నేర్పడాన్ని కూడా అందులో చేర్చారు. వేలమంది పల్లె స్త్రీలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం స్త్రీలు కూడా ఉన్నారు. మొదట్లో ఎకసెక్కాలు ఆడిన వాళ్ళు కొన్నాళ్ళకు ఊరుకున్నారు. నీళ్ళకూ, సంతకూ, పిల్లల బడికీ ఆ స్త్రీలు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా వెళ్ళగలిగారు. ఒళ్ళంతా కప్పే నిండు దుస్తులతోనూ సైకిలు తొక్కవచ్చు. చెయిన్‌కు గార్డు, వెనక చక్రానికి వల ఉంటే చాలు.

మన రెండు ఊళ్ళూ సైకిలుకు సరిపోయే ఊళ్ళే. సైకిలు మీద తీరిగ్గా తొక్కినా గంటకు పన్నెండు కిలోమీటర్లు పోవచ్చు. అంటే నాలుగు కిలోమీటర్లకు ఇరవై నిమిషాలు. విజయనగరంలో రైల్వే స్టేషన్ నుంచి కోట దాకా గానీ, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవిల్లికి గానీ అంత సమయం కూడా పట్టదు. ఇక ఖర్చు చూడండి. రోజుకు పది కిలోమీటర్లు బైకు మీద తిరిగే చిరుద్యోగికి, లీటరుకు 45 కిలోమీటర్లు వచ్చినా, నెలలో 26 రోజులకు ఆరు లీటర్ల దాకా పెట్రోలు కావాలి. లీటరు నూరు రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది నెలకు ఆరు వందల పైమాటే. మన దగ్గర నెల మందులకు సాయం అడిగే ఇంటికి ఆ డబ్బు చిన్నది కాదు.

ఇవన్నీ విన్నాక మీరు అడిగే మాట మాకు తెలుసు. రోడ్డు మీద పిల్లను సైకిలుతో పంపమంటారా? లారీలు, బస్సులు, బైకులు దూసుకుపోతుంటే ముసలాయన్ని నడవమంటారా? ఆ భయంలో నిజం ఉంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు 90 మంది. వేగం గంటకు 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే, కారు ఢీకొన్న పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి నడవండి అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. నడిచేవాడికి దారి ఇప్పించాలి.

మన ఊళ్ళు మొదట్లో నడిచేవాళ్ళ కోసం కట్టినవే. శ్రీకాకుళం జామియా మసీదును 1641లో గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. విజయనగరం కోటకు 1713లో పునాది పడింది. ఆ కాలపు వీధులు మనుషుల నడకకూ, గుర్రాలకూ, ఎడ్లబండ్లకూ సరిపోయేవి. వాటి వెడల్పు పెరగలేదు, బండ్లు మాత్రం పెరిగాయి. ఇప్పటికీ సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల దగ్గర నుంచి కోట దాకా వాహనాలు ఆపేస్తారు. ఆ ఒక్కరోజు అదే రోడ్డులో లక్షలమంది నడుస్తారు. బాబామెట్టలో ఖాదర్ వలీ బాబా ఉర్సుకు అన్ని మతాలవాళ్ళూ కాలినడకన వస్తారు. నడిచే చోట మనుషులు ఒకరినొకరు చూసుకుంటారు, పలకరించుకుంటారు. పక్కవీధిలో ఎవరు జబ్బుపడ్డారో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అద్దాలు ఎత్తిన కారులోంచి తెలియదు. నడిచేవాడికి తెలుస్తుంది. సాయం చేరాల్సిన ఇల్లు కనిపెట్టడానికి కూడా నడకే దారి.

చట్టం ఇప్పుడు నడిచేవాళ్ళ వైపు ఉంది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. వికలాంగులకు కూడా పనికివచ్చేలా ఫుట్‌పాత్‌లు ఉండాలనీ, వాటి మీది ఆక్రమణలు తీసేయాలనీ రాష్ట్రాలకు సూచించింది. ఫుట్‌పాత్ నడిచే భాగం కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ముసలివాళ్ళు ఎక్కలేనంత ఎత్తు కడితే వాళ్ళు రోడ్డు మీదే నడుస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫుట్‌పాత్ అనగానే ముందు అందరి చూపూ తోపుడు బండి మీద పడుతుంది. అరటిపళ్ళు, గాజులు, పాత బట్టలు అమ్మే ఆ బండ్ల వెనక నిలబడేది మనం సాయం చేసే ఇళ్ళవాళ్ళే. వాళ్ళకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీ వాళ్ళకు చోటు చూపించాలి, చూపించకుండా తరిమేయకూడదు. ఇక పక్కా దుకాణం మెట్లు, జనరేటరు, బోర్డు, సరుకు మూటలు, కస్టమర్ల బైకులు ఆక్రమించే చోటు తోపుడు బండి కంటే ఎన్నో రెట్లు. దుకాణాలున్న దాతలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీ షాపు ముందు రెండు మీటర్లు ఖాళీగా వదిలితే, అది చందా పుస్తకంలో రాయకపోయినా దానమే.

ఇప్పుడు మేము అడగదలచిన మూడు పనులు.

మొదటిది, సైకిలు నిధి. ఇంటరులోనూ, డిగ్రీలోనూ చదువుతూ కాలేజీ దూరమైన పేద పిల్లలకు, ముందుగా ఆడపిల్లలకు, సైకిలు ఇద్దాం. సైకిలుతో పాటు తాళం, వెనక లైటు, ఏడాదికి రెండుసార్లు రిపేరు ఖర్చు కూడా ఇవ్వాలి. పంక్చరైతే మూల పడేసే సైకిలు ఇచ్చి లాభం లేదు. సైకిలు మెకానిక్కులు మన బస్తీల్లోనే ఉన్నారు, ఆ పని వాళ్ళకే ఇద్దాం. మీ ఇంట్లో వాడకుండా తుప్పుపట్టిన సైకిలు ఉంటే అది కూడా పంపండి, బాగుచేయించి ఇస్తాం. జకాత్ సంగతి చాలామంది అడుగుతారు. అర్హులైన పేదవారికి వస్తువును పూర్తిగా సొంతం చేసి ఇస్తే జకాత్ నుంచి ఇవ్వవచ్చు. ఫుట్‌పాత్, లైటు లాంటి ఉమ్మడి పనులకు మాత్రం జకాత్ కాకుండా సదఖా, చందా వాడాలి. సందేహం ఉంటే మన ఉలమాలను అడిగి ఇవ్వండి. అందుకే ఈ రెండు పద్దులూ వేరువేరుగా రాస్తాం.

రెండవది, దారి చూసే పని. మన మసీదులు, మదర్సాలు, బడుల చుట్టూ ఉన్న వీధుల్ని యువకులు, ఇద్దరు ముసలివాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక ఆదివారం నడిచి చూడాలి. ఎక్కడ డ్రైనేజీ మూత లేదు, ఎక్కడ లైటు వెలగడం లేదు, ఎక్కడ రోడ్డు దాటడం కష్టం, ఎక్కడ కుక్కల బెడద ఉంది అని రాసుకోవాలి. ఫోటోలతో ఆ కాగితం మున్సిపల్ కమిషనరుకూ, ట్రాఫిక్ పోలీసులకూ ఇవ్వాలి. ఇది ఒక్క ముస్లిం వాడ పని కాదు. పక్కవీధి గుడి కమిటీనీ, చర్చినీ, కాలనీ సంఘాన్నీ కలుపుకుందాం. మూత లేని డ్రైనేజీలో ఎవరి బిడ్డయినా పడవచ్చు.

మూడవది, మన నడక. కిలోమీటరు లోపు ఉన్నవాళ్ళు, కాళ్ళు బాగున్నవాళ్ళు మసీదుకు నడిచి వచ్చే అలవాటు పెట్టుకోవాలి. కమిటీలు బండ్లకు ఒక పక్కన గీత గీసి, నడిచేవారికీ వీల్‌చైర్‌కూ గుమ్మం దాకా దారి వదలాలి. ఆడవాళ్ళ కోసం, వాళ్ళు చెప్పిన వేళకే, వాళ్ళు ఎంచుకున్న మైదానంలోనో వీధిలోనో, జట్టుగా నడిచే ఏర్పాటు చేద్దాం. మన కోస్తా ఉక్కపోతలో పొద్దెక్కాక నడవడం కష్టం. ఫజరు తర్వాత, మగ్రిబ్ తర్వాత మంచి వేళలు. అందుకు వీధి లైట్లు ముఖ్యం.

ఈ మూడింటికీ కావలసిన డబ్బు ఆసుపత్రి వార్డు కట్టడానికి కావలసినంత కాదు. ఒక కొత్త సైకిలు ఖరీదు కొన్ని వేలే. పేరు రాసిన పెద్ద బోర్డు పెట్టుకోవడానికి వీలైన దానం కూడా కాదిది. కానీ ఒక పిల్ల చదువు మధ్యలో ఆగకుండా, ఒక ఇంటి పెద్దకు షుగరు రాకుండా, ఒక ముసలాయన రోడ్డు దాటి క్షేమంగా ఇంటికి చేరితే, వచ్చే ఏటి చీటీల కట్ట ఆ మేరకు పలచబడుతుంది. మనం కోరుకునేది అదే కదా.

సైకిలు నిధికి పేర్లు ఇవ్వదలచినవారు, పాత సైకిలు పంపదలచినవారు, ఆదివారం నడకకు రాదలచినవారు సభ ముగిశాక సంఘం రిజిస్టరులో రాయించండి. అల్లాహ్ మనందరి దానాలనూ, మనం వేసే అడుగులనూ స్వీకరించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్.